ఊరు కాదు, పట్నం కాదు: దళిత విమర్శ దాటేసిన టౌను

ఆ మధ్య ఒక జిల్లా కేంద్రంలో దళిత సాహిత్యం మీద సదస్సు జరిగింది. పత్రాలు చదివినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఊరు, వాడ, ఊరబావి, చెప్పు, డప్పు, చీపురు వరసగా చర్చకొచ్చాయి. అన్నీ మాట్లాడాల్సినవే. ప్రశ్నల సమయంలో వెనక బెంచీలోంచి ఒక డిగ్రీ విద్యార్థి లేచి, "సార్, మాది టౌనేనండి. మా తాత రోజుల్లోనే పల్లె వదిలేశాం. నాన్న రైల్వేలో గ్యాంగుమన్. మా ఇంట్లో డప్పూ లేదు, ఆరే లేదు. నేను రాస్తే అది దళిత కవిత్వం కిందికొస్తుందా?" అని అడిగాడు. వేదిక మీదున్నవాళ్ళం నవ్వి, "ఎందుకు రాదు తమ్ముడూ" అనేసి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాం. కుర్రాడు కూర్చున్నాడు గానీ మొహంలో తృప్తి లేదు. మేం జవాబు చెప్పలేదు, మర్యాదకు ఒక మాట అన్నాం, అంతే.

ఈ వ్యాసం ఆ ప్రశ్న దగ్గర మొదలవుతుంది. మహానగరమూ కాక, పల్లెటూరూ కాక మధ్యలో ఉన్న తెనాలి, చీరాల, ఒంగోలు, పొన్నూరు, నిజామాబాదు వంటి టౌన్లలో దళిత ఉద్యమం ఊపిరి పోసుకుంది. వీటిలో కొన్ని ఈమధ్య కార్పొరేషన్ బోర్డు పెట్టుకున్నాయి, అది వేరే సంగతి. ఉద్యమానికీ, దాని వెంట వచ్చిన సాహిత్యానికీ పుట్టిల్లయిన ఈ చోటుకు దళిత సాహిత్య విమర్శలో జాగా ఎందుకు లేదన్నది మా ప్రశ్న. ఈ తప్పులో మాకూ వాటా ఉంది కాబట్టి ఇంకెవరి మీదకో వేలు చూపించే పని పెట్టుకోం.

తెలుగు విమర్శకు చాలాకాలం రెండే జాగాలు తెలుసు. ఒకటి పల్లె, రెండు పట్నం. పల్లె స్వచ్ఛమైనది, పట్నం చెడ్డది అని జాతీయవాదులన్నారు. పల్లె వెనకబడింది, పట్నం ముందుకు పోయింది అని అభ్యుదయవాదులు దాన్ని తిరగేశారు. ఇద్దరి లెక్కలోనూ పల్లె ఒకే ముద్ద. 1922లో వచ్చిన ఉన్నవ 'మాలపల్లి' ఆ ముద్దను కొంత విడదీస్తే, దాని మీద వచ్చిన విమర్శ మళ్ళీ ముద్దగా కలిపేసింది. 1985 తర్వాత దళిత విమర్శ వచ్చి, పల్లె అని ఒకటి లేదు, ఊరుంది, వాడుంది, రెంటికీ మధ్య కనపడని గోడ ఉంది అని కుండబద్దలు కొట్టింది. ఇది చిన్న విజయం కాదు. అయితే పల్లె అన్న మాటను చీల్చి చూపిన మనం, పట్నం అన్న మాటను ముట్టుకోకుండా వదిలేశాం. అది ఇప్పటికీ ఒకే ముద్దగా ఉంది.

దీనికి అంబేద్కర్‌ను సాక్ష్యం తెచ్చుకోవడం మనకు అలవాటు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ ఆయన గ్రామాన్ని పొగిడేవాళ్ళను నిలదీశాడు. గ్రామం అజ్ఞానానికీ సంకుచితత్వానికీ కులతత్వానికీ నిలయమని తేల్చాడు. అందులోంచి మనం, పల్లె నరకం కాబట్టి పట్నం విముక్తి అని ఒక సూత్రం లాగాం. అంబేద్కర్ ఎరిగిన పట్నం బొంబాయి. మిల్లులు, చాళ్ళు, సంఘాలు, అచ్చాఫీసులు, లక్షల జనం. మన చుండూరు కుర్రాడికి బొంబాయి లేదు. పాసింజరు ఎక్కితే దిగే తెనాలి ఉంది. తెనాలి జనాభా 2011లో లక్షా అరవై వేల పైచిలుకు. అంతమందిలో మనిషి తప్పిపోవడం కుదరదు. ఎవరో ఒకరు గుర్తుపడతారు.

మాటలే చూడండి. తెలంగాణలో 'పట్నం పోతున్న' అంటే హైదరాబాదే. బస్తీ అంటే ఆ పట్నంలో పేదలుండే చోటు. కోస్తాలో పాతవాళ్ళకు బస్తీ అంటే టౌనే. 'పట్టణం' అని పత్రికలు రాస్తాయి గానీ జనం నోట 'టౌను' తప్ప మరో మాట వినపడదు. సరే, ఆ టౌన్లో మనవాళ్ళుండే చోట్లకు పేర్లేమిటి? గుంటూరు పల్లెల్లో మాలపల్లె, మాదిగపల్లె. గోదావరి వైపు పేట, గూడెం. తెలంగాణలో మాలవాడ, మాదిగవాడ. అదే జనం టౌనుకొస్తే ఫలానా నగర్, ఫలానా కాలనీ. బోర్డు మీంచి కులం పోతుంది. ఆటో ఎక్కి ఆ కాలనీ పేరు చెప్పినప్పుడు ఆటో అతను అద్దంలోంచి ఒకసారి మన మొహం చూస్తాడు. ఆ చూపుకు మన విమర్శలో ఇంకా పేరు పెట్టలేదు.

ప్రభుత్వం దగ్గర మాత్రం టౌనుకు కొలతలున్నాయి. జనాభా ఐదు వేలు దాటాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి, పనిచేసే మగవాళ్ళలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. మునిసిపాలిటీ లేకపోయినా ఈ మూడూ ఉంటే జనాభా లెక్కల వాళ్ళు టౌను కింద రాసుకుంటారు. ఇలాంటి 'సెన్సస్ టౌన్లు' దేశంలో 2001లో 1,362 ఉంటే 2011కి 3,894 అయ్యాయి. పేరుకు పంచాయతీ, బతుకు టౌను. ఇందులో మగవాళ్ళ పనే కొలత కావడం గమనించాలి. పొగాకు గ్రేడింగుకు పోయే ఆడవాళ్ళూ, ఆస్పత్రి ఆయాలూ, నాలుగిళ్ళలో అంట్లు తోమి పొద్దెక్కాక ఇంటికొచ్చే అమ్మలూ టౌనును టౌనుగా నడుపుతారు గానీ, అది టౌనో కాదో తేల్చే లెక్కలో ఉండరు.

*

చీరాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

చీరాల పేరు పాఠ్యపుస్తకాల్లో ఒకే సందర్భంలో వస్తుంది. చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగర్ పేరుతో పందిళ్ళు వేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. గొప్ప పోరాటమే. మేం దాన్ని బడిలో రెండుసార్లు పరీక్షకు రాశాం. టౌను కావడం భారమనుకున్నవాళ్ళు టౌను వదిలి బయటికి నడిచిన కథ అది. ఊరి బయట ఉండటాన్ని త్యాగంగా రాసుకోగలగడం లోపల ఇల్లున్నవాళ్ళకే కుదురుతుంది. ఆ పందిళ్ళలో ఎప్పట్నుంచో ఊరి బయటే ఉన్నవాళ్ళ వరస ఎటు వేశారని మా మాస్టారు చెప్పలేదు, మాకూ అడగాలని తోచలేదు.

రెండో కథ 1985 నాటిది. చీరాలకు పట్టుమని పది కిలోమీటర్లు లేని కారంచేడులో, మాదిగలు తాగే చెరువు నీళ్ళను మలినం చెయ్యొద్దన్నందుకు, ఒక స్త్రీ ఎదురు నిలిచి బిందె ఎత్తినందుకు, జులై 17న భూస్వాములు పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్ళు ప్రాణాలు అరచేత పట్టుకుని ఎటు పరిగెత్తారు? చీరాలకు. చర్చి ఆవరణలో శిబిరం వెలిసింది. శిబిరంలో వాళ్ళు తీసుకున్న నిర్ణయం మన చరిత్రలోనే పెద్దదని మేం అనుకుంటాం. తిరిగి కారంచేడు వెళ్ళం అన్నారు. నష్టపరిహారమిచ్చి పోలీసు పికెట్టు పెట్టి మళ్ళీ ఆ కామందు చేలోకే పంపే పద్ధతి కుదరదన్నారు. చివరికి చీరాలలోనే విజయనగర్ కాలనీ వెలిసింది. 1921లో ఉన్నవాళ్ళు టౌను నుంచి బయటికి పోయారు. 1985లో లేనివాళ్ళు టౌన్లోకి వచ్చి జాగా పట్టుకున్నారు. మొదటిది పాఠం అయింది. రెండోది కరపత్రంగానే మిగిలిపోయింది.

చీరాలే ఎందుకైంది? అది దయగల టౌనని కాదు. మద్రాసు రైలు మార్గంలో ఉంది. గవర్నమెంటు ఆస్పత్రి ఉంది. కోర్టుంది. కాలేజీ కుర్రాళ్ళున్నారు. విలేకరులు దిగడానికి స్టేషనుంది. చేనేత, పొగాకు కంపెనీ ఉండటంతో కామందు దయ లేకుండా కూలి దొరికే చాన్సు కొంచెం ఉంది. కామందు మనుషులు రాత్రికి రాత్రి వచ్చి తగలబెట్టలేని గోడలు చర్చికున్నాయి. ఇవన్నీ కలిసిన చోటు పల్లెలో ఉండదు. హైదరాబాదులో ఉంటాయి, కానీ కారంచేడు నుంచి హైదరాబాదుకు పరిగెత్తలేం గదా. దళిత మహాసభ 1985 సెప్టెంబరు 1న తెనాలిలో పుట్టింది. దాన్ని నడిపిన కత్తి పద్మారావు పొన్నూరు కాలేజీలో సంస్కృతం లెక్చరరు. కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసిన బొజ్జా తారకం అంతకుముందు నిజామాబాదులో ప్లీడరీ చేస్తూ అక్కడ అంబేద్కర్ యువజన సంఘాన్ని నిలబెట్టినవాడు. పొన్నూరు, తెనాలి, చీరాల, నిజామాబాదు. ఈ పేర్లు వరసగా పెట్టి చూస్తే మన ఉద్యమ పటం కనపడుతుంది. అయినా మేం వ్యాసాల్లో 'కారంచేడు ఉద్యమం' అనే రాస్తాం. చంపిన చోటు పేరు నిలిచింది, నిలదొక్కుకున్న చోటు పేరు రాలిపోయింది.

*

సాహిత్యంలోకి వద్దాం. జాషువాను గ్రామంలోని అంటరానివాడి గొంతుగా చదవడం మామూలు. 'గబ్బిలం' 1941లో వచ్చినప్పట్నుంచీ అదే చదువు. మనిషి మాత్రం వినుకొండలో పుట్టి, రాజమండ్రిలో పనిచేసి, గుంటూరులో పాఠాలు చెప్పి, 1971లో గుంటూరులోనే పోయాడు. మొత్తం టౌన్ల బతుకు. అందులో రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడాలి. యవ్వనంలో ఆయన వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని అవమానించారు. ఆ రోజుల్లోనే రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్క నుంచి కథ, మాటలు చదివి చెప్పే ఉద్యోగం చేశాడు. చీకటి హాల్లో టిక్కెట్టు కొన్న జనం ఆ గొంతు విన్నారు. గొంతుకు కులం అడగలేదు. దీపాల వెలుగులో పండితుల సభ అడిగింది. టౌన్లో ఈ రెండూ ఉన్నాయి. పద్యం మీద ఆయనకున్న పంతం, పండితుడి పద్యాన్నే పట్టుకుని పండితుడి మీదికి తిప్పిన తెగువ, ఈ రెండు చోట్ల మధ్య నలిగినవాడి పంతంలా మాకు తోస్తుంది. పల్లె బాధ ఒక్కటే పెట్టుకుని చదివితే ఆ పంతం అర్థం కాదు.

ఇక టౌను గురించి రాసిన అగ్రకుల రచయితల్లో పెద్దవాడు కొడవటిగంటి కుటుంబరావు. తెనాలిలో పుట్టాడు. టౌను మధ్యతరగతిని ఆయనంత దగ్గరగా, అంత వెటకారంగా రాసినవాడు మరొకరు లేరు. 'చదువు' నవలలో సుందరం అక్షరాభ్యాసం నుంచి పెద్ద చదువుల దాకా పోతాడు. ఆ చదువు మనిషికి ఎందుకూ అక్కరకు రాకుండా పోయే తీరును రచయిత నిర్మొహమాటంగా చూపిస్తాడు. మేం ఆ నవలను ఇష్టంగా చదివాం. చదువుతుంటే ఒకటి గుచ్చుకుంది. సుందరానికి చదువు తాతల నాటి ఇల్లు లాంటిది. పెంకులు కారుతున్నాయని విసుక్కోవచ్చు. గడప దగ్గర ఆగిపోయినవాడికి ఆ విసుగు దొరకదు. తప్పు కుటుంబరావుది కాదు, ఆయన ఎరిగిన వీధులే రాశాడు. ఆ నవలను 'తెలుగు టౌను జీవితం' అని మొత్తానికి ఖరారు చేసిన విమర్శకులది తప్పు. ఆ వీధుల మరుగుదొడ్లు తెల్లారేసరికి ఎవరు శుభ్రం చేశారన్న ప్రశ్న ఆ ఖరారులో లేదు.

ఇప్పుడు టౌను ఎవరిదో కూడా చెప్పుకోవాలి. బాలగోపాల్ 1980ల్లో ఇంగ్లీషులో రాసిన వ్యాసాల్లో ఒక వర్గాన్ని గుర్తుపట్టాడు. పల్లెలో భూమి, టౌన్లో సినిమా హాలు, రైస్ మిల్లు, ఫైనాన్సు, కాంట్రాక్టులు. ఇంట్లో ఒక డాక్టరు, ఒక లాయరు, ఒక నాయకుడు. ఆ వర్గానికి టౌను పల్లెకు పొడిగింపే. మిల్లు అరుగు మీద కూర్చున్నది పొద్దున చేలో చూసిన ఆసామే. కాబట్టి టౌనుకొస్తే కులం పోతుందన్నవాళ్ళూ, ఏ మార్పూ లేదన్నవాళ్ళూ, ఇద్దరూ తొందరపడుతున్నారు. ఆసామి అతనే. కాకపోతే అరుగు కింద నిలబడ్డవాడు సాయంత్రం అదే ఆసామి సినిమా హాల్లో డబ్బులిచ్చి అతని కొడుకు వెనక సీట్లో కూర్చోగలడు.

చుండూరులో జరిగింది సరిగ్గా ఇదే. 1991 జులైలో చుండూరు సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీటులోని పైకులం వాడికి తగిలింది. గొడవ అక్కడ మొదలై, సాంఘిక బహిష్కరణ మీదుగా ఆగస్టు 6 దాకా నడిచింది. ఎనిమిది మందిని నరికి, శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఇందులో కాలు తగలడం సాకు అని అందరం రాశాం. మేం ఇప్పుడు అనేది, సాకును కూడా చదవాలని. చుండూరు దళితుల్లో చాలామంది రైల్వేలో పనిచేసేవాళ్ళు, పిల్లల్ని చదివించినవాళ్ళు. కామందు కూలి మీద ఆధారపడకుండా టౌను వాళ్ళను నిలబెట్టింది. కారంచేడులో గొడవ చెరువు దగ్గర, పల్లె హద్దు దగ్గర పుట్టింది. చుండూరులో సినిమా హాల్లో, హద్దు లేని చోట పుట్టింది. టౌను పల్లెలోకి వచ్చి కూర్చుంటే పల్లె దాన్ని నరికింది.

ఆ తర్వాత బాధితులు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ఆవరణకు చేరారు. మళ్ళీ టౌనే, మళ్ళీ చర్చే. కానీ ఇక్కడ కథ చీరాల దారిలో పోలేదు. చచ్చిపోయినవాళ్ళను తీసుకెళ్ళి చుండూరు నడిబొడ్డున పూడ్చారు; రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. విచారణ జరిపే ప్రత్యేక కోర్టు కూడా చుండూరులోనే పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. టౌన్లో నేర్చుకున్న చట్టాన్ని, కోర్టును పల్లెకు మోసుకుపోయారు. ఆ కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఈ ముగింపును బట్టి, టౌను నుంచి తెచ్చుకున్న సరంజామా ఎంత దూరం పనికొస్తుందో కూడా ఎవరైనా రాయాలి. మేం ఇక్కడ రాయలేం. అది వేరే వ్యాసమంత ఉంది.

*

టౌన్లో కులం ఎలా పనిచేస్తుందో ఒక్క ప్రశ్నలో చెప్పొచ్చు. మద్దూరి నగేష్‌బాబు తన పుస్తకానికి పేరు పెట్టనే పెట్టాడు: 'మీరేవుట్లు'. పల్లెలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు, అందరికీ తెలుసు కాబట్టి. మహానగరంలో అడగకపోయినా నడుస్తుందని చెప్పుకుంటారు. అడిగి తీరాల్సిన చోటు టౌను. మేం అద్దె గదుల కోసం తిరిగిన రోజుల్లో ఈ ప్రశ్న ఎన్ని చొక్కాలు మార్చుకుని వచ్చిందో లెక్కలేదు. ముందు ఇంటిపేరు అడుగుతారు. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది కాబట్టి అది చాలదు. "మీ ఊళ్ళో ఎవరి తాలూకు బాబూ?" అంటారు. "ఆదివారాలు గుడికా, చర్చికా?" అంటారు. "మాకేం పట్టింపుల్లేవు, మా అత్తగారికే కాస్త" అంటారు. అత్తగారు లోపల్నుంచి తొంగిచూస్తుంటుంది, పాపం ఆవిడేమీ అనలేదు. టు లెట్ బోర్డు మర్నాటిదాకా వేలాడుతూనే ఉంటుంది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడంలో మనవాళ్ళు సంపాదించిన నేర్పు ఒక సాహిత్య ప్రక్రియంత పెద్దది. చర్చి రిజిస్టరులో ఒక పేరు, స్కూలు రిజిస్టరులో ఇంకో పేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి ఎస్సీ జాబితాలోంచి తీసేసింది గనక, ఇంట్లో శామ్యూలు, సర్టిఫికెట్లో సాంబయ్య. దీన్ని మోసం అన్న పెద్దమనుషులున్నారు. మేం దీన్ని టౌను నేర్పిన ద్విభాష అంటాం. మన ఆత్మకథల్లో ఆకలి గురించి బాగా రాశాం, ఈ రెండు పేర్ల బతుకు గురించి సిగ్గుపడి తక్కువ రాశాం. 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' వచ్చినప్పుడు వాటిలోని కోపాన్ని అందరూ గుర్తుపట్టారు. ఆ కోపం అద్దెగదిలో, బస్టాండు బెంచీ మీద, ఆఫీసు గుమాస్తా కుర్చీలో తయారైందని మాత్రం విమర్శ పట్టించుకోలేదు. వెలివాడను వెతుక్కుంటూ పోయి, కవి అప్పుడు ఎక్కడ కూర్చుని రాస్తున్నాడో చూడలేదు.

కళ్యాణరావు 'అంటరాని వసంతం' విషయంలోనూ ఇదే జరిగింది. 2000లో వచ్చిన ఆ నవలను ఎన్నెలదిన్ని ఎల్లన్న పాట కోసం, ఆట కోసం చదివాం. సగం తర్వాత కథ ఊరు వదిలేస్తుంది. కరువులో నడక, బకింగ్‌హాం కాలవ పని, ఆ పని దగ్గర కూడా అంటరానితనం, తర్వాత క్రైస్తవం. దాని వెనక చరిత్ర ఉంది. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ మూడున్నర మైళ్ళ కాలవ కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని చూపించాడు. 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు టౌను మాదిగలకు బడిగా, ఆస్పత్రిగా తెరుచుకుంది అప్పట్నుంచే. ఈ మలుపును కళ్యాణరావు తెలిసి రాశాడు, అందుకు మెచ్చుకోవాలి. అయితే ఆయన నవల ఆ మిషను బతుకు దగ్గర ఎక్కువసేపు నిలవదు; విప్లవోద్యమం వైపు వెళ్ళాల్సిన తొందర దానికుంది. పల్లె నుంచి అడవికి పోయే దారిలో టౌను ఒక మజిలీ అయింది. మజిలీలోనే మూడు తరాలు కాపురమున్నవాళ్ళ సంగతి రాయకుండా మిగిలింది.

మేం టౌనును నెత్తికెత్తుకుంటున్నామని అనుకోవద్దు. టౌను ఇచ్చినవి కూడా అందరికీ సమంగా అందలేదు. మిషను బడి, హాస్టలు సీటు, రైల్వే ఉద్యోగం ఎవరికి ముందొచ్చాయి, ఎవరికి ఆలస్యంగా వచ్చాయి అన్న లెక్కలోంచే దండోరా పుట్టింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో అది మొదలైనప్పుడు, మాల మేధావులు కొందరు ఐక్యతను చీలుస్తున్నారని తిట్టారు. సంక్షేమ హాస్టల్లో ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళం కదా అన్నారు. తిన్నాం నిజమే. ఆ హాస్టలు దాకా ఎంతమంది రాగలిగారన్నది కదా ప్రశ్న. రెల్లి వాళ్ళ సంగతి మరీ అన్యాయం. కోస్తా టౌన్లలో మునిసిపల్ చీపురు వాళ్ళ చేతిలో ఉంది. పల్లెలో ఊరూ వాడా వాళ్ళను ఎరగవు, వాళ్ళు టౌను మనుషులే. ఊరు–వాడ కొలతతో చదివే విమర్శకు వాళ్ళు కనపడే వీలే లేదు. దళిత స్త్రీలు 'నల్లపొద్దు' నుంచీ ఈ మాట వేరే రకంగా చెబుతూనే ఉన్నారు. మగ కవి టౌను అంటే హాస్టలు, టీ కొట్టు, సభ. ఆడవాళ్ళకు టౌను అంటే పనిమనిషిగా వెనక గుమ్మం, ఆస్పత్రిలో నైటు డ్యూటీ, బస్టాండు నుంచి చీకట్లో కాలనీకి నడక.

*

ఇదంతా సాహిత్య విమర్శకుల ఇంటి గొడవ అనుకుంటే పొరపాటు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని తీర్పిచ్చింది. మేం దాన్ని స్వాగతించాం, ఇప్పటికీ స్వాగతిస్తాం. అదే తీర్పులో నలుగురు న్యాయమూర్తులు దళితుల్లోనూ క్రీమీలేయర్‌ను వేరుచెయ్యాలన్నారు. అందులో ఒకరు పేరున్న నగర కాన్వెంటులో, ఢిల్లీ పెద్ద కాలేజీలో చదివిన బిడ్డనూ, మారుమూల పల్లె బడిలో చదివిన బిడ్డనూ ఒకే గాటన కట్టకూడదని వాదించారు. మన విమర్శ వాడిన పటమే అది! ఒక చివర పట్నం, ఒక చివర పల్లె. ఒంగోలు హాస్టల్లో ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివినవాడు, గ్యాంగుమన్ కొడుకు, ఆస్పత్రి ఆయా కూతురు ఈ పటంలో ఏ చివరకు చెందుతారు? పల్లెవాడు కాదు గనక రెండో చివరకు నెట్టేస్తారు. అసలైన దళితుడు పల్లెలోనే ఉంటాడని కవిత్వ విమర్శలో మనం చెబితే, ఆ మాటే రేపు కోర్టులో మన పిల్లల మీదికి తిరుగుతుంది.

2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయిన రోహిత్ వేముల గుంటూరు టౌను కుర్రాడు. తల్లి కుట్టుమిషను తొక్కి చదివించింది. 2024లో పోలీసులు కేసు మూసేస్తూ ఇచ్చిన నివేదికలో అతను దళితుడే కాదని రాశారు. గొడవ జరిగాక మళ్ళీ దర్యాప్తు చేస్తామనాల్సి వచ్చింది. తల్లి పెంచిన ఇల్లు, బతికిన పేట, పడ్డ మాటలు సాక్ష్యానికి చాలలేదు.

మాలో ఒకరికి ఇలాంటిదే, ఇంతకంటే చిన్నది, జరిగింది. పై చదువుల సీటుకు కుల ధ్రువీకరణ పత్రం కావలసి ఆఫీసుకు వెళ్తే, "మీది సొంతూరు ఏది?" అన్నారు. ఇదేనండి, ఇక్కడే పుట్టాను అంటే ఒప్పుకోలేదు. "టౌను సొంతూరు ఎలా అవుతుందయ్యా? మీ తాతది ఏ ఊరో అక్కణ్ణుంచి రాయించుకురా." తాత యాభై ఏళ్ళ కింద వదిలేసిన ఊరు. బస్సు దిగి అడుగుతూ పోతే, మాటిచ్చి చెప్పగల ముసలివాళ్ళు పల్లెలో ఎవరూ మిగల్లేదు. చివరికి ఊళ్ళో ఒక ఆసామి ఇంటికి వెళ్ళమన్నారు. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. కాగితం అందుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, కాసేపు మొహం చూసి, "ఒరే, మా పాలేరు మనవడివా నువ్వు? వాడికి మేం ఇంకా డబ్బులివ్వాలనేవాడు" అని నవ్వి, సాక్షిగా సంతకం పెట్టాడు.